పేరిందేవి పోగొట్టుకున్న సగం మాటలు

అనగా అనగా అనగా. మూడుసార్లు ఎందుకన్నానంటే, మొదటి రెండుసార్లూ నువ్వు అడ్డొచ్చావు గనక. నేను అనగనగా అనగానే నువ్వు రాజు అంటావు, ఆ రాజుకి ముగ్గురు పెళ్ళాలంటావు, మూడోది మంచిదంటావు. ఇంకెందుకే నేను? ఈ కథలో రాజు లేడు మైథిలీ. ఆ దుప్పటి సగం చెల్లెలి మీద కూడా కప్పి పడుకో. బుల్లీ, నువ్వు ఊ కొట్టు. ఊ కొట్టడం మీ పని, చెప్పడం నా పని.

అనగనగా కాలవ గట్టున ఒక ఊళ్ళో పేరిందేవి అని ఒక కోడలుండేది. చురుకంటే చురుకు. అన్నం వారిస్తే గింజ చిమడదు, ముగ్గేస్తే చుక్క తప్పదు. లెక్కలైతే చెప్పక్కర్లేదు. గుమ్మం చూసి తోరణానికి ఎన్ని మామిడాకులు కావాలో చెప్పేది, వంట పొగ చూసి పందిట్లో ఎన్ని విస్తళ్ళు లేస్తాయో చెప్పేది. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటే జబ్బు. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే మిగతా సగం తనే చెప్పేసేది.

బట్టలుతికే నూకాలు వచ్చి, అమ్మా నిన్నటి మూటలో అనేసరికి, తువ్వాలు తగ్గింది, అంతేగా, పోయి రేవులో వెతుక్కో అనేది. నూకాలు చెప్పొచ్చిన మాటేమిటి? నిన్నటి మూటలో నీ ముక్కుపుడక దొరికిందమ్మా అని. ఆవిడ నోరు మూసుకుని వెళ్ళి, రెండ్రోజులు పోయాక దాన్ని గడప మీద పెట్టి చక్కా పోయింది. అప్పుడైనా బుద్ధొచ్చిందా? లేదు. ఆ మాట మొన్ననే చెప్పొచ్చుగా అని విసుక్కుంది.

విసుగు దానికి. లోకమంతా నత్తలు, తనొక్కతే లేడిపిల్ల అని. ఇంకేం, దేవుడు చూసి చూసి సింహాద్రికి కట్టబెట్టాడు. సింహాద్రి మంచివాడే, ఎద్దుకి కూడా దణ్ణం పెట్టి కాడి కట్టేవాడు. కానీ ఒక మాట మొదలెడితే, మధ్యలో తమలపాకు ఈనె తీసి, సున్నం రాసి, మడిచి, నమిలి, ఆకాశం కేసి చూసి, అప్పుడు గానీ రెండో ముక్క వచ్చేది కాదు. అంతసేపు పేరిందేవి ఆగుతుందా? పెళ్ళైన మూడేళ్ళలో సింహాద్రి మొదలెట్టిన మాటల్లో ఒక్కటీ సింహాద్రి ముగించలేదు.

ఊ కొడుతున్నారా?

ఇక అత్తగారు అచ్చియ్యమ్మ. ఆవిడ దగ్గర ఒక కథ ఉండేది, జాడీ కథ. నేను కాపరానికొచ్చిన మొదటి ఎండాకాలం, ఆవకాయ జాడీ అని మొదలెట్టేది. అంతే, పేరిందేవి అందుకునేది. బూజు పట్టింది, తడి గరిటె ఎవరో పెట్టారు, మీరే పెట్టారని అందరూ అన్నారు, మీరు పెట్టలేదు, తెలుసత్తయ్యా అని. అత్తగారు తెరిచిన నోరు మూసుకుని చింతపండు పిక్కలు తీసుకునేది. మళ్ళీ పది రోజులకి, నేను కాపరానికొచ్చిన మొదటి ఎండాకాలం. పేరిందేవికి ఒళ్ళు మండి, వంటింటి తలుపు వెనక బొగ్గుతో గీతలు గీయడం మొదలెట్టింది. కథకి ఒక గీత. నాలుగు గీతల మీద ఒక అడ్డగీత, అది ఐదు. అలా ఆరు కట్టలు, పైన నాలుగు. ఎంతయింది బుల్లీ? నువ్వు కాదు మైథిలీ, నేను బుల్లిని అడిగాను. ముప్పై నాలుగు. అదీ సంగతి. ముప్పై నాలుగుసార్లు మొదలెట్టిన కథ, ఒక్కసారి కూడా చివరిదాకా వెళ్ళలేదు.

శ్రావణమాసం వచ్చింది. శ్రావణ మంగళవారాలు తెలుసుగా, కొత్తగా పెళ్ళైన వాళ్ళు నోము నోచుకుని, నానేసిన శనగలు, తమలపాకులు, పండూ పెట్టి ముత్తైదువులకి వాయనాలిస్తారు. ఇచ్చే ఆవిడ ఇస్తినమ్మ వాయనం అంటుంది. పుచ్చుకునే ఆవిడ పుచ్చుకుంటినమ్మ వాయనం అంటుంది. ఇలా మూడుసార్లు. ఆఖర్న ఇచ్చే ఆవిడ అడిగితినమ్మ వరం అంటే, పుచ్చుకునే ఆవిడ ఇస్తినమ్మ వరం అనాలి. ఏం వరమో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అదొక మర్యాద మాట. అచ్చియ్యమ్మకి మొగుడు పోయాడు గనక ఆవిడకి ఎవరూ వాయనం ఇవ్వరు, అరుగు మీద కూచుని వచ్చే పోయే వాళ్ళని చూసేది. ఎవడు పెట్టాడో ఆ లెక్క, వాడి మొహం. సరే.

మూడో మంగళవారం మిట్టమధ్యాహ్నం. అప్పటికి పేరిందేవి పదకొండు వాయనాలు పుచ్చుకుంది. పన్నెండో ఆవిడ పెరటి గుమ్మంలోంచి వచ్చింది. ఆకుపచ్చ చీర, నుదుట రూపాయంత బొట్టు. పేరిందేవి తలెత్తి చూసిందా? ఎక్కడ. ఒక కన్ను పొయ్యి మీది పాల మీద, ఒక చెయ్యి చెంగు పట్టడానికి, మనసేమో ఇన్ని శనగలు గుగ్గిళ్ళు చెయ్యాలా, వడలు వెయ్యాలా అన్న దాని మీద. ఆవిడ ఇస్తినమ్మ అనేలోపే ఇది పుచ్చుకుంటినమ్మ అనేసింది. ఆవిడ నిదానంగా, అడిగితినమ్మ వరం, ఏం వరమంటే నాకూ అంటూ ఉండగానే, ఇస్తినమ్మ వరం, ఇస్తినమ్మ వరం, ఇస్తినమ్మ వరం, వెళ్ళిరండి అనేసింది.

ఆవిడ వెళ్ళలేదు. నుంచుంది. ఇంకా ఎందుకు నుంచుంది అని విసుగ్గా కిందికి చూస్తే, మడమలు ముందున్నాయి, మెట్టెలు వెనక్కి తిరిగున్నాయి.

మైథిలీ, చెప్పకు. దయ్యమని నాకూ తెలుసు.

పేరిందేవి చూపు ఆ కాళ్ళ మీదే ఉండిపోయింది. అటు పాలు పొంగి పొయ్యి ఆరింది. ఆ దయ్యం కళ్ళెర్రజెయ్యలేదు, జుట్టు విరబోసుకోలేదు. విసిగిపోయిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. పెరట్లో పిడకలు ఎండకముందే వాన పడిన దానిలా ఉంది.

"ఏం కావాలో చెప్పనే లేదు, ఇచ్చేశావే," అంది. "నేను అడగొచ్చిన వరం ఒక్కటే. నాదొక మాట ఉంది, చివరిదాకా విను అని. బతికుండగా ముప్పై ఏళ్ళు చెప్పబోయాను, పోయాక పదేళ్ళు చెప్పబోయాను. నువ్వూ ఆ తానులో గుడ్డవే."

అని, వరం ఇచ్చినట్టే గనక తనకిష్టమైంది తీసుకుంటానంది. పేరిందేవికి అంత తొందరపెట్టేది మాటలో రెండో సగమే కదా, ఆ రెండో సగం ఇక తనది. పేరిందేవి మాట మొదలుపెడుతుంది, ముగింపు మాత్రం వచ్చి తన కొంగున ముడి పడుతుంది. వచ్చే మంగళవారం, శ్రావణంలో ఆఖరిది, ఇదే వేళకి వస్తుంది. ఆ రోజు తను చెప్పేది చివరిదాకా వింటే ముళ్ళు విప్పి పోస్తుంది. మధ్యలో ఒక్క పలుకు పలికితే ఆ ముళ్ళు ముళ్ళుగానే తనతో పోతాయి. అంతా చెప్పి, నా చేతి శనగలు పట్టిన వాళ్ళకే నేను కనబడేది, వినబడేది, ఇంకెవరికీ కాదు అని, కరివేపాకు చెట్టు పక్కనుంచి వెళ్ళిపోయింది. అరుగు మీంచి అచ్చియ్యమ్మ, ఎవరితోనే కోడలా మాట్లాడుతున్నావు, పెరట్లో ఎవరూ లేరుగా అంది.

పేరిందేవి పరిగెత్తుకెళ్ళి, అత్తయ్యా పెరట్లో దయ్యం వచ్చింది అందామని నోరు తెరిచింది. "అత్తయ్యా, పెరట్లో..." అంతవరకే వచ్చింది. మిగతాది గొంతులో ఉన్నట్టే ఉండి, ఎవరో దారం లాగినట్టు పోయింది. అచ్చియ్యమ్మ, పెరట్లో బట్టలా, తీశానులే అంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ రోజు పొద్దున్నే పేరిందేవి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. రెండుసార్లు పెట్టింది, లెక్క తప్పలేదు. నెల తప్పింది. కడుపులో బిడ్డ. మూడేళ్ళుగా ఎదురుచూసిన కబురు, పొలం నుంచి సింహాద్రి రాగానే చెవిలో చెబుదామని దాచుకుంది. సాయంత్రం ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ, "నాకు నెల..." అంది. మిగతాది కొంగు ముడికి పోయింది. సింహాద్రి తువ్వాలుతో మొహం తుడుచుకుని, గడ్డం తుడుచుకుని, నెల సరుకులా, శనివారం సంతకెళ్ళి తెస్తానులే అన్నాడు.

సైగ చెయ్యొచ్చుగా అంటావు. చేసింది. పొట్ట తడిమి చూపించింది. అజీర్తి అనుకుని వాము నలిపి, ఉప్పేసి, దగ్గర కూచుని మింగించాడు. రాసి చూపించొచ్చుగా అంటావు. రాయడం రాదే తల్లీ, గీతలు గీయడమే వచ్చు.

అప్పుడు కూలబడింది పేరిందేవి. ఒక్క కబురేనా? రేపు బిడ్డ పుడితే జోల ఎలా పాడుతుంది? జో అని మొదలెడితే రెండో జో ఉండదు. కథ చెబితే అనగనగా దగ్గరే ఆగిపోతుంది. కథ సగంలో ఆపే తల్లిని ఏ పిల్లలు తల్లంటారు? మీరు నన్ను బతకనిస్తారా? మంగళవారం వరకే గడువు.

ఆ వారం ఎలా గడిచిందో వినండి. వంకాయలమ్మి వచ్చి వంకాయలు కావాలా అంది. వద్దమ్మా అనబోయి, "వంకాయలు నాకు..." దగ్గర ఆగింది. రెండు వీశెలు పోసి పోయింది. బుధవారం వంకాయ పులుసు. గురువారం వంకాయ వేపుడు. శుక్రవారం వంకాయ పచ్చడి. శనివారం మళ్ళీ వచ్చింది, మళ్ళీ నాకు దగ్గర ఆగింది, మళ్ళీ రెండు వీశెలు. పక్కింటావిడ, నీ పెద్ద గంగాళం ఇస్తావా, మా ఇంట్లో పెళ్ళి వంట అంది. అడుగున చిల్లుంది అని చెప్పబోతే, "తీసుకెళ్ళు కానీ..." వరకే వచ్చింది. తీసుకెళ్ళింది. వాళ్ళింట్లో పులుసు గచ్చు మీద పారింది. ఎవరికి వాళ్ళు దాని మాటకి తోక తగిలించేవాళ్ళే. ఒక్కళ్ళూ సరైన తోక తగిలించరు, ఒక్కళ్ళూ ఒక్క క్షణం ఆగి దాని మొహం చూడరు.

ఉడికిపోయింది పేరిందేవి. రోట్లో కారం దంచుతూ, నా మాట నాది కదా, ముగించడానికి వీళ్ళెవరు, నా మొహం చూస్తే తెలియదూ నేనింకా చెబుతున్నానని అనుకుంది. రోకలి పైకెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నూకాలు మొహం గుర్తొచ్చింది. నిన్నటి మూటలో అని ఆగిపోయిన మొహం. ఆ మొహం తను చూసిందా? ఊహూ. ఆ రోజు తను చూసింది తన మాట ఎంత గబుక్కున వచ్చిందో అదొక్కటే.

ఊ అనవేం బుల్లీ? నిద్రొస్తోందా? ఊ.

శనివారం సంత నుంచి సింహాద్రి నెల సరుకులతో పాటు బీరకాయలు తెచ్చాడు, ఇంట్లో బీరకాయ లేకపోతే పెళ్ళానికి తోచదని. పేరిందేవి చెక్కు తీస్తుంటే ఎదురుగా కూచున్నాడు. "బీరకాయంటే నాకు," అన్నాడు. కాపరానికొచ్చిన మూడో రోజున కూడా ఇదే మాట అన్నాడు. ఇష్టమని తెలుసులే అని ఆ రోజు తనే పూర్తి చేసింది. ఇప్పుడు నోరు తెరిచినా రెండో సగం లేదుగా, ఊరుకుంది. ఆయన ఆకు ఈనె తీశాడు. సున్నం రాశాడు. ఆకాశం చూశాడు. ఆయన నోటి కేసి చూస్తూ కూచుంది పేరిందేవి. ఎంతసేపటికో వచ్చింది మాట.

"పడదు. తింటే ఒళ్ళంతా దురద."

లెక్క దానంతట అదే వచ్చేసింది దానికి. వారానికి రెండుసార్లు, ఏడాదికి యాభై రెండు వారాలు, మూడేళ్ళు. మూడొందల పన్నెండు బీరకాయ కూరలు. మూడొందల పన్నెండుసార్లు ఆ మనిషి గోక్కుంటూ పడుకున్నాడు. అదేమో ఆయనకి ఒళ్ళంతా చెమటకాయలని గంధం తీసి పూసింది.

ఆదివారం అచ్చియ్యమ్మ చింతపండు ముందేసుకుని కూచుంది. నేను కాపరానికొచ్చిన మొదటి ఎండాకాలం అంది. ముప్పై ఐదోసారి. పేరిందేవి పక్కన కూచుంది. మొట్టమొదటిసారి ఆ కథ ఎప్పుడూ తెగే చోట తెగలేదు, ముందుకెళ్ళింది. ఆ ఏడు ఆవకాయ కలిపింది కొత్తకోడలైన అచ్చియ్యమ్మేనట. రెండొందల కాయలు. ఇంట్లో కలపడం తనకదే మొదలు, తనకదే ఆఖరు. బూజు పట్టాక అత్తగారు, ఈ పిల్ల చెయ్యి మంచిది కాదు, ఇక జాడీ ముట్టుకోనివ్వకండి అంది. నలభై ఏళ్ళు. ఆ అత్తగారు పోయాక కూడా అచ్చియ్యమ్మ జాడీలో చెయ్యి పెట్టలేదు. ఎవరు పెట్టద్దన్నారు? ఎవరూ లేరు. చెయ్యే వెళ్ళలేదు. తోడికోడలు తవిటమ్మక్క ఉండేది, పెద్ద బొట్టు పెట్టుకునేది, పోయి పదేళ్ళయింది. ఆవిడ ఎప్పుడు ఒంటరిగా దొరికినా, అచ్చియ్యా ఆ జాడీ అని ఎత్తేది. దెప్పుతోందని అచ్చియ్యమ్మ చెవులు మూసుకుని అవతలికి పోయేది.

పేరిందేవికి అర్థమైపోయింది. ఆకుపచ్చ చీర ఎవరో, తడి గరిటె ఎవరిదో. నీకూ అర్థమైపోయింది మైథిలీ, కాళ్ళు కదుపుతున్నావు. ఆగు. అర్థమైపోవడమే అసలు గండం. తెలియని వాళ్ళు ఊరుకోవడం ఏముంది? తెలిసి ఊరుకోవాలి.

సోమవారం పొద్దున్న పాలు కాస్తూ నుంచుంది. పాలు పొంగడం ఎన్నివేలసార్లు చూసుంటుంది, పొంగబోవడం ఎప్పుడూ చూడలేదు. ముందు గిన్నె అంచున ఆవగింజంత బుడగలు వస్తాయి. తర్వాత మీగడ వణుకుతుంది. అప్పుడు లేస్తాయి. అంచున బుడగలు చూసి కట్టె ఇవతలికి లాగింది, పాలు అణిగాయి. పక్కింటావిడ వచ్చి గంగాళం సంగతి దులిపేస్తుంటే, తనకి జవాబు ఎక్కడినుంచి వస్తోందో చూసుకుంది. ముందు గొంతులో దురద. తర్వాత గడ్డం ముందుకి జరుగుతుంది. తర్వాత ఊపిరి లోపలికి. ఈ మూడూ అయ్యాకే నోరు తెరుచుకుంటోంది. నా గడ్డం ముందుకొచ్చింది అనుకుంది. వెనక్కి తీసుకుంది. పక్కింటావిడ తిట్టి తిట్టి, ఆఖర్న కళ్ళొత్తుకుని, పులుసు పోతే పోయింది, పిల్ల వెళ్ళిపోతోంది పేరిందేవీ, ఇల్లు ఎలా ఉంటుందో అంది. చెప్పొచ్చింది అదన్నమాట.

మంగళవారం మిట్టమధ్యాహ్నం తవిటమ్మ వచ్చింది. కొంగు నిండా ముళ్ళు, జొన్నపొత్తులా ఉంది. వాయనం పళ్ళెం చేతిలో పెట్టింది, పీట వేస్తే కూచుంది, అమ్మయ్యా అనుకుని మొదలెట్టింది. ఆ మొదలెట్టడం ఎక్కడినుంచి అనుకున్నారు? మామిడి చెట్టు నాటిన దగ్గర్నుంచి. ఆ చెట్టు ఏ ఊరి టెంకదో, ఆ టెంక ఎవరిచ్చారో, ఇచ్చినావిడకి ఎడం కన్ను ఎందుకు అదురుతుందో. పేరిందేవికి గొంతులో దురద. తెలుసు, తడి గరిటె నీదే, చెప్పేసెయ్ అని నాలుక చివరికి వచ్చింది. చూసుకుంది. దురద అనుకుంది. మింగింది.

కాయలు కోసిన రోజు ఎండ ఎలా ఉందో చెప్పింది. ఆవాలు ఎండబెట్టిన చాప అంచు ఎలక కొరికిన సంగతి చెప్పింది. ఆ ఎలకని పట్టిన పిల్లి సంగతి, ఆ పిల్లి ఈనిన సంగతి. పిల్లలు నాలుగు, కాదు ఐదు, కాదు నాలుగే అని అక్కడ ఆగి ఆలోచించింది. అయ్యో, ఎంతసేపు ఆలోచించిందో. పేరిందేవి గడ్డం ముందుకి వెళ్ళింది, ఊపిరి కూడా లోపలికి పోయింది. పోయిన ఊపిరిని మెల్లగా ముక్కులోంచి వదిలేసి, చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుంది. నాలుగే అంది తవిటమ్మ.

అప్పుడు పేరిందేవికి ఇంకోటి కనిపించింది. తవిటమ్మ చూపు తన మీద లేదు. తన భుజం మీంచి అరుగు కేసి ఉంది. ఈ మాట వినాల్సింది తను కాదు. ఒక్క పలుకూ పలకకుండా లేచింది. పళ్ళెంలో శనగలు గుప్పెడు తీసుకుని, వెళ్ళి అత్తగారి కుడిచేతిలో పోసి, ఆ చెయ్యి తన రెండు చేతులతో మూసి పట్టుకుంది. వాయనం శనగలు, మొగుడు పోయిన మనిషి చేతిలో. అచ్చియ్యమ్మ ఇదేమిటే అనబోయి పెరటి గుమ్మం కేసి చూసింది. పీట మీద తవిటమ్మక్క.

"అచ్చియ్యా, ఆ జాడీ," అంది తవిటమ్మ.

అచ్చియ్యమ్మ చేతులు చెవుల మీదికి లేవబోయాయి. పేరిందేవి వదల్లేదు. కళ్ళతోనే బతిమాలింది. ఉండండత్తయ్యా, ఒక్క క్షణం ఉండండి అని.

"ఆ జాడీలో తడి గరిటె పెట్టింది నేను," అంది తవిటమ్మ. ఇది పేరిందేవికి తెలిసిందే. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. అప్పుడు నాకు మూడో నెల, నోరు చప్పగా ఉండి, అందరూ పడుకున్నాక అన్నంలో కలుపుకుని తిన్నాను, అత్తగారికి చెప్పడానికి భయమేసింది అంది. అదీ కొంచెం ఊహించిందే. అప్పుడు చెప్పింది, ఎవరూ ఊహించనిది.

"పారబొయ్యమని జాడీ నాకిచ్చారు కదూ. నేను పారబొయ్యలేదు. బూజు పైన రెండు వేళ్ళ మందమే. అది తీసేస్తే అడుగున బంగారంలా ఉంది. చూరు కింద దాచుకుని ఏడాదంతా తిన్నాను. అంత ఆవకాయ నేను ముందూ తినలేదు, తర్వాతా తినలేదు. నీ చెయ్యి మంచిది అచ్చియ్యా. ఈ ముక్క చెబుదామంటే నిలబడవేమే."

అచ్చియ్యమ్మ శనగలు పట్టిన తన కుడిచేతిని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది, కొత్తగా ఎవరో ఇచ్చినట్టు. తర్వాత నవ్వొచ్చింది ఆవిడకి. ఏడాదంతా ఒక్కదానివే తిన్నావా అక్కా, నాకో బద్దయినా పెట్టకపోయావా అని. తవిటమ్మ కూడా నవ్వి, కొంగు విప్పింది.

ఇక చూడండి. ముళ్ళు విడిపోయి, వారం రోజుల రెండో సగాలన్నీ పేరిందేవి నోటివెంట వరసగా దొర్లాయి. దయ్యం వచ్చిందత్తయ్యా, అక్కర్లేదమ్మా వంకాయలు, అడుగున చిల్లుంది గంగాళానికి, తప్పింది, వాము వద్దు మొర్రో. అప్పుడే ఎడ్లని కట్టేసి గుమ్మంలో అడుగుపెట్టాడు సింహాద్రి. అన్నీ పోనిచ్చి, మధ్యలో ఒక్కటి పట్టుకున్నాడు. తప్పింది. నాకు నెల అన్నది పోయిన మంగళవారం నాడు. నెల, తప్పింది. రెండు ముక్కలూ ఆయన బుర్రలో ఆయన పద్ధతిలో నడుచుకుంటూ వెళ్ళి కలుసుకున్నాయి.

"అయితే," అన్నాడు.

ఆగాడు. అచ్చియ్యమ్మ ఆగింది. పేరిందేవి ఆగింది, గడ్డం ఎక్కడుందో చూసుకుంది. తవిటమ్మ పోవలసిన మనిషి, ఆవిడ కూడా ఆగింది. ఆయన ఆకు తీశాడు. ఈనె తీశాడు. సున్నం రాయబోయి, ఆకు కింద పడేశాడు.

"అయితే ఉయ్యాలకి తాడు పేనాలి," అన్నాడు.

అంతే. తవిటమ్మ మళ్ళీ కనబడలేదు. మరుసటి ఎండాకాలం అచ్చియ్యమ్మ ఒళ్ళోంచి మనవరాల్ని దించి, కొంగు బిగించి, తనే ఆవకాయ కలిపింది. పేరిందేవి సోలలతో కొలిచి ఇవ్వబోతే, కొలత నా చేతిలో ఉందిలే పోవే అంది. ఎలా ఉందంటారా? ఆ ఏడు పక్కింటివాళ్ళు చిల్లు గంగాళం పట్టుకుని వచ్చారు పెట్టించుకోవడానికి. జాడీ కథ ముప్పై ఆరోసారి ఎవరూ వినలేదు. ఒకసారి పేరిందేవే అడిగింది, అత్తయ్యా మీరు కాపరానికొచ్చిన మొదటి ఎండాకాలం ఏదో జరిగిందిగా అని. ఏమో, ఉక్కగా ఉండేది అంది అచ్చియ్యమ్మ.

మరి పేరిందేవి మారిపోయిందా? మీలాంటి పిల్లలకి అలా చెప్పేస్తే తేలిక. తలుపు వెనక పాత గీతలు తడిగుడ్డతో తుడిచేసింది. కొత్తవి గీయడం మొదలెట్టింది, ఈసారి తన లెక్క. ఎవరి మాటకైనా అడ్డొస్తే ఒక గీత. మొదటి రోజు పందొమ్మిది. రెండో రోజు పదిహేను. నెల తిరిగేసరికి నాలుగైదు. సున్నా మాత్రం ఎన్నడూ కాలేదు. పాలు ఉన్నంతకాలం పొంగుతూనే ఉంటాయి, పొయ్యి దగ్గర మనిషి ఉండాలి, అంతే. అందుకే చెప్తున్నా, ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు వాళ్ళ మొహం మీద ఒక కన్ను, మీ గడ్డం మీద ఒక కన్ను. తెలిసిన మాటైనా సరే వాళ్ళ నోటినుంచి వాళ్ళనే రానివ్వండి. మీకు తెలిసిన దాని వెనకాల తెలియనిది ఇంకో ముక్క ఉంటుంది.

బుల్లి నిద్రపోయింది. ఇక కథ...

ఏమే, అందుకోవేం? రోజూ నేను కథ అనేలోపే కంచికి అని అరుస్తావుగా. నోరు తెరిచావు, మూశావు. గడ్డం వెనక్కి తీసుకుంటున్నావా? ఔరా. మళ్ళీ అంటాను చూడు. ఇక కథ...

ఊ. మంచిది నా తల్లి. అయితే నేనే చెప్తాను, ఇవాళ చివరిదాకా నన్నే చెప్పనిచ్చావు. ఇక కథ నడుచుకుంటూ కంచి దారి పట్టింది, మనం మన దుప్పట్లోకి.